అనంతపురం పాతూరు ఊలు దుకాణం: కొన్నేళ్లు వాడాక నా మాట

ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో ఊలు ఎవరు కొంటారని చాలామంది అడుగుతారు. ఈ దుకాణం గురించి ఇంకో మాట కూడా ప్రచారంలో ఉంది. అక్కడ మంత్రాలు చేస్తారట, పున్నమి రోజు ఆడవాళ్లంతా కూడి దారాలకు ముడులు వేస్తారట. ముడులు వేసే మాట నిజమే. నేనూ వేశాను, ఇప్పటికీ వేస్తున్నాను. కాలనీలో, ఆఫీసులో, పెళ్లిళ్లలో కనిపించిన ప్రతివాళ్లూ "వెళ్లొచ్చా, వెళ్లకూడదా" అని అడుగుతుంటారు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

దుకాణం పాతూరు సందులో, ఒక బియ్యం అంగడి పైన ఉంది. మెట్లు ఇరుకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఇబ్బంది పడతారు. నడిపే అక్క మన జిల్లా మనిషే. ఉద్యోగం మీద కొన్నేళ్లు ఇంగ్లండులో ఉండి వచ్చారు. అక్కడ ఊలు దుకాణాల్లో వారానికోసారి జనం చేరి అల్లుకుంటూ కూర్చోవడం చూశారు. అలాంటి ఒక గుంపులోనే విక్కా అనే ప్రకృతి ఆరాధన మార్గంలో ఉన్నవాళ్లు పరిచయమయ్యారట. చేతబడి, బాణామతి లాంటివి మనసులో పెట్టుకుని దీన్ని చూడకండి. బ్రిటన్‌లో 1735 నాటి మంత్రవిద్య చట్టాన్ని 1951లో రద్దు చేశారు. ఆ తర్వాత 1954లో జెరాల్డ్ గార్డ్‌నర్ అనే ఆయన పుస్తకం రాసి ఈ మార్గాన్ని నలుగురికీ తెలిసేలా చేశారు. ఋతువులు, చంద్రకళలు, భూమి, వీటినే కొలుస్తారు. ఎవరికీ కీడు చేయకూడదన్నది వాళ్లు పెట్టుకున్న మొదటి నియమం. వాళ్లు చేసే పనుల్లో ఒకటి, తాడు తీసుకుని మనసులో ఉన్నది తలచుకుంటూ తొమ్మిది ముడులు వేయడం.

ఈ సంగతి ఇంట్లో చెబితే మా అమ్మ, "ఇందులో కొత్తేముంది, వరలక్ష్మీ వ్రతం తోరమే కదా" అంది. ఆ మాటలో నిజముంది. తొమ్మిది పోగుల నూలు తీసి, పసుపు రాసి, తొమ్మిది ముడులు వేసి, 'కమలాయై నమః ప్రథమ గ్రంథిం పూజయామి' అంటూ మొదలుపెట్టి ఒక్కో ముడికీ ఒక్కో పేరుతో పూజ చేసి చేతికి కట్టుకుంటాం. అనంత పద్మనాభ వ్రతం తోరానికి పద్నాలుగు ముడులు. దర్గాలో దారం కట్టి మొక్కుకునేవాళ్లు మన ప్రతి వీధిలోనూ ఉన్నారు. పసిపిల్ల కాలికి నల్లతాడు కట్టని ఇల్లు రాయలసీమలో ఎక్కడుంది? దారంలో ఏదో పెట్టి దాచుకోవచ్చన్న నమ్మకం మనకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. ఈ దుకాణంలో నాకు నచ్చిందీ అదే. అక్క బయటి నుంచి తెచ్చినదాన్ని మన తోరం పక్కన పెట్టి, రెండింటికీ గౌరవమిచ్చి చూస్తారు.

ఇక సరుకు సంగతి. దుకాణంలో మూడు రకాలుంటాయి. లూధియానా వైపు నుంచి వచ్చే అక్రిలిక్ ఊలు, పత్తి నూలు ఉండలు, మన గొర్రెల నల్ల ఊలు. అక్రిలిక్ కోసం అయితే ఇంత దూరం రానవసరం లేదు. అదే సరుకు ఆన్‌లైన్‌లో కాస్త తక్కువకే వస్తుంది. పైగా మన ఎండకు అక్రిలిక్‌తో అల్లినది ఒంటి మీద ఉంచుకోలేం, కొన్నాళ్లకు నూగు లేచిపోతుంది. పత్తి నూలు బాగుంటుంది, క్రోషే చేసేవాళ్లకు మరీ బాగుంటుంది. కాకపోతే పెద్ద పని మొదలుపెట్టేటప్పుడు కావాల్సిన ఉండలన్నీ ఒకేసారి కొనుక్కోండి. రంగు నంబరు ఒకటే అయినా అద్దకం లాటు, అంటే ఒకేసారి రంగు వేసిన విడత, మారితే ఛాయ మారిపోతుంది. నేను అల్లిన టేబుల్ క్లాత్‌లో మూడో వంతు దగ్గర గీత గీసినట్టు తేడా కనిపిస్తుంది. లాటు నంబరు చూసి ఇచ్చే అలవాటు ఈ దుకాణంలో లేదు, మనమే అడగాలి.

నన్ను ఇన్నేళ్లు ఆ మెట్లెక్కిస్తున్నది మాత్రం నల్ల ఊలు.

మన దక్కనీ గొర్రె ఊలు మొరటుగా ఉంటుంది. మెడకు చుట్టుకునే స్కార్ఫుకు పనికిరాదు. కురుబలు తరతరాలుగా దీంతోనే కంబళ్లు నేశారు. పడుగుకు చింతగింజల గంజి పట్టించి, గుంత మగ్గం మీద నేసిన కంబళి వానలోనూ చలిలోనూ గొర్రెల కాపరిని కాపాడేది. ఇప్పుడు మాంసం కోసం ఊలు లేని నెల్లూరు జాతి గొర్రెల వైపు మొగ్గు పెరిగింది. దక్కన్‌లో చాలాచోట్ల కత్తిరించిన ఊలు కొనే దిక్కు లేక పారేస్తున్నారు. అక్క కళ్యాణదుర్గం వైపు గొర్రెల కాపరుల దగ్గర శుభ్రం చేసిన ఊలును చేతిలో డబ్బు పెట్టి కొంటారు. ఈ ఒక్క పని కోసమైనా ఈ దుకాణం నిలబడాలని కోరుకుంటాను.

అటువైపు నుంచే ఒక పెద్దమ్మ అప్పుడప్పుడు ఆదివారాలు వచ్చి వడకడం నేర్పుతుంది. ఊలు ముందేసుకుని మొదట పల్లేరు కాయలు ఏరిస్తుంది. గొర్రె ఎక్కడెక్కడ మేసిందో ఆ ఊలు చూస్తే తెలిసిపోతుంది. ముళ్లు, ఎండుగడ్డి, ఎర్రమట్టి అన్నీ అందులోనే ఉంటాయి. పేరుకు నల్ల ఊలే గానీ కొసలు ఎండకు కాలి ఎర్రబారి ఉంటాయి, వేర్ల దగ్గర మాత్రం కాటుక రంగు. చేతులకు కొవ్వు లాంటి జిడ్డు అంటుతుంది. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి ఊరికే ఎత్తి దించాలి. బట్టలు పిండినట్టు రుద్దితే గడ్డకట్టి చాపలా అయిపోతుంది. ఆరిన ఊలును చేత్తో విడదీసి ఏకులు చేసుకుని, కదురు తిప్పుతూ పోగు లాగాలి. మొదట్లో నా పోగు ఒకచోట లావు, ఒకచోట సన్నం, మధ్యలో తెగడం. పెద్దమ్మ పోగును రెండు వేళ్ల మధ్య పట్టుకుని కాస్త వదులు చేసి చూపించింది. "పురి ఇంగా ఎక్కల్ల పాపా. వదిలితే దానంతట అదే మెలి పడల్ల. అప్పుడు సాలు" అంది. అంతకు మించి పాఠం ఏమీ చెప్పలేదు. ఇప్పటికీ నాకు ఆ పరీక్షే దిక్కు. పోగు వదిలితే తన మీద తనే చుట్టుకుంటే పురి సరిపోయినట్టు, వేలాడుతూ ఉండిపోతే తక్కువైనట్టు. రెండు పోగులు కలిపి పేనేటప్పుడు మాత్రం వడికిన దిక్కుకు ఎదురు దిక్కులో తిప్పాలి.

ఆ ఊలుతో నేను చేసినవాటిలో కూర్చునే ఆసనం, చుట్టకుదుళ్లు, ఒక సంచి ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. ఆసనం మీద మా నాన్న రోజూ కూర్చుంటారు, ఎక్కడా అణగలేదు, పోగు లేవలేదు. చుట్టకుదురు మీద పొయ్యి నుంచి దించిన గిన్నె పెట్టినా ఏమీ కాలేదు. అక్రిలిక్‌తో చేసి ఉంటే కరిగి గిన్నె అడుక్కు అంటుకునేది. జాగ్రత్త పడాల్సింది పురుగు విషయంలోనే. వేపాకు వేసి మూటకట్టినా నెలకోసారి తీసి ఎండలో వేయాల్సిందే.

రంగులద్దే తరగతి కూడా పెడతారు. అది మాత్రం తప్పకుండా వెళ్లండి. దానిమ్మ తొక్కలు, కరక్కాయ, పటిక, నీలి, పసుపు, అన్నీ చేత్తో చేయిస్తారు. ఒకసారి పసుపులో అద్దిన పత్తి చిలపను (నూలు చుట్టను) అక్క రెండు ముక్కలు చేసి, ఒకటి మామూలు నీళ్లలో, ఒకటి సున్నపు తేట కలిపిన నీళ్లలో ముంచారు. రెండోది చూస్తుండగానే కుంకుమ ఎరుపుకు తిరిగింది. దిష్టి తీసే ఎర్రనీళ్లలో జరిగేది ఇదే. పసుపులో ఉన్న రంగు పదార్థం క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పుల్లటి నిమ్మరసం తగిలిస్తే మళ్లీ పసుపు. అందుకే పసుపు అద్దిన బట్టను బట్టల సబ్బుతో ఉతికితే ఎర్ర మరకలు పడతాయి. అక్క ఈ కారణమంతా వివరంగా చెప్పారు. చెప్పాక అదే నీళ్లతో అక్కడున్న చంటిదానికి దిష్టి కూడా తీశారు. ఒకదానికొకటి అడ్డమని ఆమె అనుకోరు. నేనూ అనుకోవడం మానేశాను. పసుపు రంగు ఎండకు నిలవదని కూడా ముందే చెబుతారు, నిలిచే రంగు కావాలంటే కరక్కాయతో మొదలుపెట్టాలి.

పున్నమి కూటమి సంగతి చాలామందికి ఆసక్తి. సాయంత్రం ఒక దీపం పెడతారు. అందరం గుండ్రంగా కూర్చుంటాం. ఇష్టమున్నవాళ్లు తమ మనసులో ఉన్నది ఒక్క వాక్యంలో చెప్పి ముడి వేస్తారు, ఇష్టం లేనివాళ్లు ఊరికే అల్లుకుంటారు. ఆ తర్వాత కబుర్లు, బొరుగుల ఉగ్గాణి, టీ. నర్సు ఉద్యోగం చేసే అమ్మాయి ఒకరు, ధర్మవరంలో మగ్గం నేసే కుటుంబం నుంచి వచ్చి మిగిలిన పట్టు పోగులు పంచే ఆవిడ ఒకరు, తమ్ముళ్లకు నమాజు టోపీలు క్రోషేతో అల్లే ఇంటర్ పిల్ల ఒకరు. మొదట్లో అక్క విలాయతి లెక్క ప్రకారం ఏడాదికి ఎనిమిది పండుగలు పెట్టేవారు. ఫిబ్రవరి మొదట్లో చలి తగ్గి వసంతం మొలకెత్తే పండుగ అని వాళ్లకు ఒకటుంది. మనకు అప్పటికే మధ్యాహ్నం ఎండ చుర్రుమంటుంది. ఆ పండుగ ఎవరికీ అతకలేదు. ఇప్పుడు ఉగాది, ఏరువాక పున్నమి, అట్లతద్ది పెట్టుకున్నారు. వేరుశనగ వేసుకోవడానికి వాన కోసం ఎదురుచూసే జిల్లాలో ఏరువాక పున్నమి నాడు ముడి వేసి 'వాన' అంటే, ఆ మాట గదిలో ఉన్న అందరికీ తగులుతుంది.

ముడి వేస్తే అనుకున్నది జరిగిందా అని సూటిగా అడిగేవాళ్లున్నారు. నేను చూసింది చెబుతాను. నాన్నకు గుండె ఆపరేషన్ అయిన రోజుల్లో ఆసుపత్రి వరండాలో నా చేతిలో ఈ తాడే ఉంది. ఆపరేషన్ బాగా జరిగింది డాక్టర్ల వల్ల. ఆ టెన్షన్‌లో నా చేతులు వణక్కుండా, ఫోన్ పట్టుకుని అక్కరలేనివన్నీ వెతక్కుండా నన్ను కూర్చోబెట్టింది ఆ తాడు. నలుగురి ముందు నోరు తెరిచి ఒక కోరిక చెప్పుకున్నాక దాని కోసం పనిచేయకుండా ఉండలేమన్నది కూడా నేను ఇక్కడే చూశాను. అంతకు మించి అక్క కూడా ఎప్పుడూ చెప్పలేదు.

గోడ మీద పెద్ద అక్షరాలతో ఒక బోర్డు ఉంది. ఇక్కడి దారం ఏ జబ్బూ నయం చేయదు అని. తాయెత్తులు, కవచాలు రోగాలు తగ్గిస్తాయని ప్రకటించుకోవడం 1954 నాటి కేంద్ర చట్టం ప్రకారం నేరం. ఆ భయంతో పెట్టిన బోర్డు కాదని నాకు ఒకరోజు అర్థమైంది. కొడుక్కి మూర్ఛ వస్తోందని, ఎవరో చెడుపు చేశారని ఒకామె ఏడుస్తూ వచ్చింది. చెడుపు చేసింది ఫలానా మరిది పెళ్లామే అని పేరు కూడా చెప్పింది. అక్క ఆమెకు దారం అమ్మలేదు. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, "అమ్మా, ఆ పేరు ఇంకెక్కడా ఎత్తద్దు. పిల్లోన్ని రేపే డాక్టర్‌కు చూపియ్యి, నేనూ వస్తా" అన్నారు, వెళ్లారు కూడా. మంత్రాలు చేస్తుందన్న అనుమానంతో ఆడవాళ్లను కొట్టి చంపడం మన దేశంలో పాత కథ కాదు. జాతీయ నేర గణాంకాల్లో హత్యలకు కారణాల వరుసలో దానికి ఇప్పటికీ ఒక గడి ఉంది. ఇలాంటి చోట ఈ దుకాణం నడపడానికి ధైర్యం కావాలి, దానికన్నా ఎక్కువ బాధ్యత కావాలి. ఆమెకు రెండూ ఉన్నాయి. నెలల పిల్లలకు మెడలో కట్టే తాళ్లు కూడా ఆమె అమ్మరు. నిద్రలో బిగుసుకుంటే ఊపిరాడదు కాబట్టి, కావాలంటే ఉయ్యాల పిల్లకు అందనంత ఎత్తులో గుమ్మానికి కట్టుకోమంటారు.

నచ్చనిది ఒకటుంది, అది ఆమెకూ చెప్పాను. కౌంటర్ దగ్గర సువాసన కొవ్వొత్తి, రంగురాళ్లు, ఎండు లావెండర్ పెట్టిన గిఫ్ట్ డబ్బాలు అమ్ముతారు. అందులో ఉన్నదానికీ పెట్టిన ధరకూ పొంతన లేదు. అద్దె కట్టడానికి అవే ఆదుకుంటున్నాయని ఆమె అంటారు. కావచ్చు. అయినా లావెండర్ ఎక్కడిదో, మనమెక్కడో. ఆ డబ్బాలో ఒక మరువం కట్ట, ఒక నల్ల ఊలు చిలప పెట్టి అమ్మినా కొనేవాళ్లుంటారని నా నమ్మకం. వెదురు సూదులు కూడా కొనకండి, కొస చీలి నూలు పట్టేస్తుంది. అల్యూమినియం క్రోషే సూదులు చవక, మన్నుతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు నాలుగు మిల్లీమీటర్ల సూది, లేత రంగు పత్తి నూలు తీసుకోండి. ముదురు రంగులో కుట్లు కనిపించవు.

కొత్తవాళ్లు ముందు ఆదివారం వడికే తరగతికి వెళ్లి, నచ్చితే పున్నమికి కూర్చోండి. నల్ల ఊలు ఏడాది పొడవునా ఉండదు. గొర్రెలకు కత్తెర పడిన తర్వాత కొన్ని వారాలు దండిగా ఉంటుంది, ఆ తర్వాత అడుగు బొడుగే. పేరు, ఎన్ని కిలోలు కావాలో రాయించి అడ్వాన్సు ఇస్తే పక్కన పెడతారు. కడిగిన ఊలా, కడగనిదా అన్నది అప్పుడే చెప్పండి, ధరలో తేడా ఉంటుంది.