భువనేశ్వర్‌లో ఒక్కరోజు: ఏకామ్ర కానన్, రెండు మ్యూజియంలు, అమ్మ గుర్తుపట్టిన చీర

మేం బరంపురం వాళ్లం. భువనేశ్వర్ అంటే మాకు ఆసుపత్రి పని, కాకపోతే లింగరాజ స్వామి దర్శనం, అదీ కాకపోతే పూరీ వెళ్లే దారి. అమ్మకు అరవై ఎనిమిదేళ్లు, ఎన్నిసార్లు వెళ్లొచ్చిందో లెక్కలేదు గానీ ఆ ఊళ్లో తీరిగ్గా ఏదైనా చూసింది మాత్రం లేదు. అందుకే ఈ చలికాలం "ఈసారి డాక్టరు లేడు, మొక్కు లేదు, ఊరు చూద్దాం పదవే" అని అమ్మనీ మా పాపనీ తీసుకుని శుక్రవారం మధ్యాహ్నం రైలెక్కాను. దూరం సుమారు 170 కిలోమీటర్లు. ఇటు నుంచి వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ దొరికితే వదలకండి, రంభ దగ్గర నుంచి చిలికా సరస్సు పట్టాల పక్కకే వచ్చేస్తుంది.

రాత్రి స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో దిగాం. ఫోన్లో చూపించిన గదికి పెద్ద కిటికీ ఉంది, మాకిచ్చిన గదికి కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. పొద్దున్న వేడినీళ్లు రాలేదు. కౌంటర్లో మూడుసార్లు అడిగితే ఒక అబ్బాయి పాపం రెండు బకెట్లు మోసుకొచ్చాడు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు గది చూశాకే డబ్బులు కట్టండి. మళ్లీ వెళ్తే నేను కల్పనా చౌక్ వైపు ఉంటాను, స్టేట్ మ్యూజియం అక్కడే, ఒక ఆటో ఖర్చు తగ్గుతుంది.

పొద్దున్నే నయాపల్లిలోని ఏకామ్ర కానన్‌కి వెళ్లాం. 1985లో పెట్టిన ప్రాంతీయ మొక్కల పరిశోధన కేంద్రంలో భాగం ఇది. పార్కు లాగానే కనిపిస్తుంది, చెరువు, పచ్చిక, గులాబీ తోట అన్నీ ఉన్నాయి, కానీ అసలు చూడాల్సింది కాక్టస్ ఇల్లు. ముళ్ల మొక్కల్లో ఇన్ని రకాలుంటాయని నేను అనుకోలేదు, బంతిలా గుండ్రంగా ఉన్నవి, తెల్లటి బొచ్చు కప్పుకున్నట్టున్నవి, పాము మెలికలు తిరిగినట్టున్నవి. పాప ఒక్కోదానికీ పేరు పెట్టుకుంటూ నడిచింది. అమ్మ "మన బ్రహ్మజెముడు ఏదే?" అని వెతికి పట్టుకుంది. నడక బాగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎండ ఎక్కకముందే వెళ్లండి, నీళ్ల సీసా దగ్గర పెట్టుకోండి.

అక్కణ్ణుంచి కళాభూమి మ్యూజియంకి ఆటో. ఆ డ్రైవరు ముందు ఒక రేటు చెప్పి దిగాక ఇంకో రేటు అన్నాడు, అమ్మ ఒడియాలో గట్టిగా అడిగేసరికి మొదటి మాటకే ఒప్పుకున్నాడు. భాష రానివాళ్లు యాప్‌లో బుక్ చేసుకోండి, లేకపోతే సిటీ బస్సు ఎక్కండి, టెన్షన్ ఉండదు.

ఈ రోజంతటికీ కళాభూమే గొప్ప. 2018లో తెరిచిన హస్తకళల మ్యూజియం, గండముండ దగ్గర ఉంది. పట్టచిత్రాల ముందు పాప కదల్లేదు. గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద పట్టించి నునుపు చేసి, శంఖం పొడితో తెలుపు, దీపపు మసితో నలుపు తీసి వేస్తారు. డోక్రా అనే ఇత్తడి బొమ్మలు చేసే పద్ధతి ఇంకోలా ఉంటుంది, మైనపు తీగలతో బొమ్మ అల్లి, పైన మట్టి మెత్తి, కాల్చితే మైనం కరిగి పోయి, ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి నిండుతుంది. ఒక్కో అచ్చు ఒక్కసారికే, కాబట్టి ఏ రెండు బొమ్మలూ ఒకలా ఉండవు. పాపకి ఇది చెప్తే ఏనుగు బొమ్మలన్నీ పక్కపక్కన పోల్చి చూసింది.

తర్వాత సవర గిరిజనుల గోడ బొమ్మలు. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో సన్నసన్నటి మనుషులు, చెట్లు, ఏనుగులు. ఇవి మా పక్క గజపతి, రాయగడ జిల్లాల కొండలవి. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ నేర్చుకున్నది ఈ సవరల భాషే. శ్రీకాకుళం వైపు మన చుట్టాలకీ సవరలు తెలుసు, కానీ సంతలో చింతపండు అమ్మేవాళ్లుగా తెలుసు. ఆ గోడ ముందు నిలబడితే వాళ్లని ఎంత తక్కువగా తెలుసుకున్నామో అని నాకు బాధేసింది.

చేనేత విభాగంలో అమ్మ ఆగిపోయింది. అమ్మ పుట్టిల్లు బరంపురంలో నేతవాళ్ల వీధిలోనే, తాతయ్యది మగ్గం. గుడి గోపురాల్లా వరసగా లేచే ఒక పట్టుచీర అంచు చూడగానే "ఇది మన ఫోడా కుంభ" అంది. ఎప్పుడో తెలుగు నేల నుంచి వెళ్లిన నేతగాళ్లు ఒడిశాలో నేసిన పట్టు అది, 2012లో బరంపురం పట్టుకి జీఐ గుర్తింపు (ఇది ఫలానా ఊరి సరుకే అని చెప్పే ముద్ర) కూడా వచ్చింది. అమ్మ పాపని దగ్గరికి పిలిచి, కుంభం అంచు ఎలా నేస్తారో చేతులు ఆడిస్తూ చెప్పింది. పక్కనున్న ఇద్దరు ఒడియా ఆడపిల్లలు కూడా ఆగి విన్నారు. అమ్మ వాళ్లకోసం మళ్లీ ఒడియాలో మొదట్నుంచీ చెప్పింది. ఇరవై నిమిషాలు పట్టింది, నేను తొందరపెట్టలేదు.

దాంతో స్టేట్ మ్యూజియంకి ఆలస్యమైంది, తాళపత్రాల గది మాత్రమే సరిగ్గా చూశాం. ఒక్క అది చూసినా చాలు. తాటాకు మీద గంటంతో గీసి, మసి రుద్దితే అక్షరం నల్లగా తేలుతుంది. గీత అడ్డంగా తిన్నగా లాగితే ఆకు చీలుతుంది కాబట్టే అక్షరాలు గుండ్రమయ్యాయని చెప్తారు, ఒడియా, తెలుగు రెండూ అలాంటివే. పాప రెండూ చదువుతుంది, "అందుకేనా నాకు రెండూ ఒకలా అనిపిస్తాయి" అంది. రెండు మ్యూజియంలకీ సోమవారం సెలవు, గుర్తుపెట్టుకోండి.

సాయంత్రం సచివాలయం ఎదుట ఇందిరా గాంధీ పార్కులో కాసేపు కూర్చున్నాం. 1984 అక్టోబర్ 30న ఆవిడ చివరి ప్రసంగం ఇక్కడే, అప్పట్లో ఇది పెరేడ్ గ్రౌండ్. పచ్చిక బాగుంది, కాళ్లు చాపుకోవడానికి సరిపోతుంది, టైం లేకపోతే దీన్ని వదిలేయొచ్చు. బయట బండి దగ్గర దహిబరా ఆలూదమ్ తిన్నాం, మన ఆవడ లాంటిదే, పెరుగు పలుచన, మీద కారంగా బంగాళాదుంప కూర.

రాత్రి రైల్లో అమ్మ నిద్రపోలేదు. ట్రంకుపెట్టెలో అమ్మమ్మ పెళ్లిచీర ఉంది, దాన్ని బయటికి తీసి ఎండలో ఆరెయ్యాలి అంది.