శ్రీసిటీలో మ్యాన్‌పవర్ ఏజెన్సీ సర్వీసు: మనుషుల్ని తెస్తారు, లెక్క మనమే చూసుకోవాలి

తిరుపతి జిల్లా శ్రీసిటీలో ప్లాంటు పెట్టే జపాన్, కొరియా, చైనా కంపెనీలు ముందుగా వెతికేది మ్యాన్‌పవర్ ఏజెన్సీనే. ఈ రివ్యూ తిరుపతిలో ఆఫీసున్న అలాంటి ఒక ఏజెన్సీ గురించి. పేరు రాయడం లేదు.

మనుషుల్ని తేవడంలో వంక పెట్టడానికి లేదు. సత్యవేడు, తడ, సూళ్లూరుపేట, అటు గుమ్మిడిపూండి దాకా బస్సులు తిప్పి షిఫ్టుకు ముందే గేటు దగ్గర దించుతారు. సేఫ్టీ క్లాసు తెలుగువాళ్లకు తెలుగులో, తమిళులకు తమిళంలో చెబుతారు. సంక్రాంతికి వెళ్లినవాళ్లు కనుమ మర్నాడే తిరిగి రారని ముందే చెప్పి, ఆ వారం ప్రొడక్షన్ ప్లాన్ తగ్గించుకోమంటారు. కొత్తగా వచ్చిన విదేశీ మేనేజరుకు ఇది నిజంగా పనికొచ్చే సలహా.

కొటేషన్ మాత్రం నిదానంగా చదవాలి. '15,000 జీతం' అని పైన పెద్దగా ఉంటుంది. దాని మీద యజమాని వాటా పీఎఫ్ 1,800, ఈడీఎల్ఐ (పీఎఫ్‌తో వచ్చే జీవిత బీమా) 75, అడ్మిన్ చార్జి 75, ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) 3.25 శాతం అంటే 488. అక్కడికే 17,438. బోనస్, గ్రాట్యుటీ, యూనిఫాం, బస్సు, ఏజెన్సీ కమీషన్ దీనిమీద. ఆపైన 18 శాతం జీఎస్టీ, అదీ కమీషన్ మీదే కాదు, మొత్తం బిల్లు మీద. ఇక కార్మికుడి చేతికొచ్చేది పీఎఫ్ 1,800, ఈఎస్‌ఐ 113 పోగా 13,087. ఈ తేడా చేరేరోజే చెప్పకపోతే మొదటి జీతానికే గొడవ. ఓవర్‌టైం (ఓటీ) రేటూ అంతే: జపాన్‌లో మామూలు ఓటీకి 25 శాతం అదనంతో సరిపోతుంది, ఇక్కడ రెట్టింపు ఇవ్వాలి. హెడ్డాఫీసు బడ్జెట్ ఎక్కువగా తప్పేది ఈ లైన్‌లోనే.

అసలు బలహీనత పీఎఫ్‌లో ఉంది. నెలనెలా 15వ తేదీలోపు కట్టిన చలానా కాపీ పంపుతారు, చూడ్డానికి అంతా సవ్యంగానే ఉంటుంది. కానీ ఏజెన్సీ తన అన్ని కంపెనీల మనుషుల్నీ ఒకే పీఎఫ్ కోడ్ నంబరు కింద చూపిస్తుంది కాబట్టి, చలానా ఒక్కటీ మీ మనుషులకు కట్టినట్టు రుజువు కాదు. ఎవరి పేరున ఎంత కట్టారో చూపే ఈసీఆర్ ఫైలు తెప్పించుకుని, గేటు హాజరుతో యూఏఎన్ నంబర్లు (కార్మికుల పీఎఫ్ నంబర్లు) ఒక్కొక్కటీ సరిచూడాలి. కాంట్రాక్టరు ఎగ్గొడితే కట్టాల్సింది ప్రిన్సిపల్ ఎంప్లాయరే, అంటే పని చేయించుకునే మీ కంపెనీయే. ఆ బాధ్యత ఏ ఒప్పందంతోనూ ఏజెన్సీ మీదకు పూర్తిగా పోదు.

ఇంకోటి పేర్లు. మనవాళ్ల సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, బ్యాంకులో మూడో రకం. చేరేటప్పుడే ఆధార్ ప్రకారం సరిచేయించకపోతే పీఎఫ్ ఖాతా కేవైసీ (గుర్తింపు ధ్రువీకరణ) ఆగిపోతుంది, పని మానేశాక పీఎఫ్ డబ్బు చేతికి రాదు. ఈ ఏజెన్సీ ఫారాలు హడావుడిగా నింపేస్తుంది. మానేసినవాళ్లకు పీఎఫ్ పోర్టల్‌లో ఎగ్జిట్ డేట్ (మానేసిన తేదీ) వేయడంలోనూ బద్ధకమే. రెండు నెలలు దాటాక కార్మికుడే పోర్టల్‌లో వేసుకోవచ్చు గానీ, ఆ సంగతి ఎంతమందికి తెలుసు?

2025 నవంబర్ 21 నుంచి కొత్త కార్మిక చట్టాలైన లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చినా, వీళ్ల జీతం స్లిప్పు పాత మూసలోనే ఉంది: బేసిక్ తక్కువ, అలవెన్సులు కుప్పలు. వేతనంలో కలపని అలవెన్సులు మొత్తం రెమ్యునరేషన్‌లో సగం దాటితే, దాటిన భాగం వేతనం కిందికే వస్తుంది. పని మానేసినవాళ్ల లెక్క రెండు పనిదినాల్లో తేల్చాలి. ఏజెన్సీ ఇంకా 'వచ్చే నెల జీతాలతో' అంటోంది.

విదేశం నుంచి వచ్చే ఇంజినీర్ల పీఎఫ్ వీళ్లకు అప్పగించకండి. పీఎఫ్ లెక్కకు జీతం 15,000 దాకానే అన్న పరిమితి వాళ్లకు వర్తించదు. జపాన్, కొరియాలతో సామాజిక భద్రత ఒప్పందాలున్నాయి కాబట్టి అక్కడి కవరేజ్ సర్టిఫికెట్ తెస్తే ఇక్కడి పీఎఫ్ నుంచి మినహాయింపు దొరుకుతుంది. చైనాతో అలాంటి ఒప్పందం లేదు.

రిక్రూట్‌మెంట్‌కు ఐదుకు నాలుగు, పేపర్ల పనికి రెండు. తీసుకోవచ్చు, కానీ ఆ నెల ఈసీఆర్ అందాకే బిల్లు చెల్లిస్తామని ఒప్పందంలో రాయించుకుని సంతకం పెట్టండి.