వాడిన అల్ట్రా వైడ్ లెన్సు కొంటున్నారా? నాలుగు మూలలూ చూడనిదే డబ్బు ఇవ్వకండి

నెల్లూరు, ఒంగోలు వైపు వాడిన అల్ట్రా వైడ్ లెన్సు, అంటే దగ్గర నుంచే చాలా వెడల్పైన దృశ్యాన్ని పట్టే లెన్సు, కోసం చూస్తున్న వారికి ఈ హెచ్చరిక. "వైడ్ లెన్సు కదండీ, అంచుల్లో కాస్త మసక మామూలే" అని అమ్మే మనిషి అంటే వెంటనే ఒప్పుకోకండి. ఆ మాటలో సగమే నిజం. మిగతా సగానికి మూల్యం నేను చెల్లించాను.

నేను తీసుకున్నది క్రాప్ సెన్సర్ కెమెరాకు (ఫుల్ ఫ్రేము, అంటే పాత ఫిల్మంత సెన్సర్, కంటే చిన్న సెన్సర్ ఉన్నది) సరిపోయే 10-20 మి.మీ. జూమ్. మి.మీ. ఎంత తగ్గితే అంత వెడల్పు పడుతుంది. 1.5 క్రాప్ ఉన్న కెమెరాలో 10 మి.మీ. అంటే ఫుల్ ఫ్రేములో 15 మి.మీ.తో సమానం. భైరవకోనలో కొండను తొలిచిన గుహాలయాల ముందు వెనక్కి జరగడానికి చోటు తక్కువ. పెన్న ఒడ్డున రంగనాథస్వామి గాలిగోపురాన్ని దగ్గర నుంచి పూర్తిగా పట్టాలన్నా మామూలు 18 మి.మీ. చాలదు. అందుకే ఇలాంటి లెన్సు కావలసి వచ్చింది. "ఒక్కరే వాడారు, ఎప్పుడూ కింద పడలేదు" అని చెప్పి నెల్లూరులోని ఒక దుకాణం నాకు దీన్ని అమ్మింది.

గాలిగోపురం ఫొటోలను కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూస్తే కుడివైపు బొమ్మల కనుబొమలు కూడా తెలుస్తున్నాయి. ఎడమవైపు బొమ్మలు అలికినట్టున్నాయి. ఎపర్చర్‌ను, అంటే లెన్సులో కాంతి వచ్చే రంధ్రాన్ని, ఎఫ్ 8కి తగ్గించినా, ఎఫ్ 11కి తగ్గించినా అంతే. దుకాణంలో అడిగితే వచ్చిన జవాబు, వైడ్ లెన్సుకు అంచుల్లో మసక మామూలే అన్న మాటే. మరమ్మతు చేసే ఆయన దాన్ని చూసి, మౌంట్ (లెన్సు కెమెరాకు బిగిసే చోటు) దగ్గర మరలు ఇంతకుముందే ఎవరో విప్పి బిగించారని చెప్పారు. కింద పడిన లెన్సును తెరిచి, సరిగా కుదర్చకుండానే మూసేశారని ఆయన అంచనా.

దీన్ని డీసెంటరింగ్ అంటారు. లెన్సులోని గాజు పలకలన్నీ ఒకే అక్షం మీద ఉండాలి. వాటిలో ఒకటి కొంచెం వాలినా, పక్కకు జరిగినా ఫొటోలో ఒక వైపు చెడిపోతుంది. మనుషుల ముఖాల ఫొటోలు తీసేవారికి ఇది ఏళ్ల తరబడి కనిపించకపోవచ్చు, ఎందుకంటే వారికి అంచులు ఎలాగూ మసకే. కోటగోడ, గోపురం, సముద్రతీరం తీసేవారికి మాత్రం ఫ్రేము మొత్తం కావాలి. ఆరోగ్యంగా ఉన్న వైడ్ లెన్సులోనూ మూలలు కొంత మెత్తగానే ఉంటాయి, నిజమే. కానీ నాలుగు మూలలూ దాదాపు ఒకేలా ఉంటాయి, ఎపర్చర్ తగ్గిస్తే తేరుకుంటాయి. ఒకే వైపు చెడి ఉండి ఎఫ్ 8లోనూ తేరుకోకపోతే అది వైడ్ లెన్సు స్వభావం కాదు, లోపం.

పరీక్షకు పెద్ద సామగ్రి అక్కర్లేదు. దుకాణం బయటకు రండి. దూరంగా ఉన్న సెల్ టవర్ లాంటిదాన్ని మధ్యలో పెట్టి ఫోకస్ చేసి, ఆటోఫోకస్ ఆపేయండి. ఇక ఫోకస్ రింగు ముట్టుకోకుండా అదే టవర్‌ను నాలుగు మూలల్లో ఒక్కోసారి పెట్టి ఫొటో తీయండి. ముందు ఎపర్చర్ పూర్తిగా తెరిచి, తరువాత ఎఫ్ 8లో. జూమ్ అయితే రెండు కొసల్లోనూ ఇలాగే చేయాలి. ఫొటోలను కెమెరా తెరమీద కాకుండా ల్యాప్‌టాప్‌లో నూరు శాతం పెద్దవి చేసి పోల్చండి. ఈ పరీక్షకు ఒప్పుకోని దుకాణంలో కొనవద్దు. నా మాట కఠినంగా ఉన్నా ఇదే నా సలహా.

మనది తీరప్రాంతపు తేమ గాలి కాబట్టి లెన్సు వెనుక నుంచి టార్చి వేసి సాలెగూడు లాంటి ఫంగస్ పోగులు ఉన్నాయేమో కూడా చూడాలి.

"ఫుల్ ఫ్రేముకూ పని చేస్తుంది" అనే మాట కూడా ఇక్కడ బాగా వినిపిస్తోంది. క్రాప్ సెన్సర్ కోసం చేసిన కానన్ ఈఎఫ్-ఎస్ లెన్సు ఆ కంపెనీ ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌కు అసలు బిగదు. అలాంటిదే అయిన నికాన్ డీఎక్స్ లెన్సు ఫుల్ ఫ్రేముకు బిగుస్తుంది కానీ కెమెరా సెన్సర్ మధ్యభాగాన్నే వాడుకుంటుంది. 45.7 మెగాపిక్సెల్స్ ఉన్న నికాన్ ఫుల్ ఫ్రేమ్ కెమెరా డీ850లో చివరికి చేతికి వచ్చేది 19.4 మాత్రమే. టోకినా కంపెనీ 11-16 మి.మీ. లెన్సు చూస్తున్న నికాన్ కెమెరా వాళ్లు అది మొదటి రకమో రెండోదో తప్పక అడగండి. మొదటి దానిలో ఆటోఫోకస్ మోటారు లేదు, కాబట్టి సొంత మోటారు లేని డీ3000, డీ5000 వరుస కెమెరాల్లో ఆటోఫోకస్ రాదు.

బిల్లు మీద లెన్సు సీరియల్ నంబరు, వాపసు గడువు రాయించుకోండి. నాకు ఇచ్చిన బిల్లులో "లెన్సు ఒకటి" అని మాత్రమే ఉంది. ఎంత వాదించినా దుకాణం వారు సగం ధర మాత్రమే తిరిగి ఇచ్చి లెన్సు తీసుకున్నారు.

ఇప్పుడు ఆ లెన్సు మళ్లీ అదే దుకాణం అద్దాల బీరువాలో ఉంది. ఒక్కరే వాడారనే ఇంకా చెబుతున్నారు. మౌంట్ మీది మరల్లో ఒకదాని తల అరిగి, గాడి మెరుస్తూ ఉంటుంది. మీకు 10-20 చూపిస్తే వెనుక మూత తీసి ముందు ఆ మరలను చూడండి.