గంగను ముందు చదవాలా, చూడాలా?

తమిళ సాహిత్యం ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ మిత్రులు నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు: గంగ అనే అమ్మాయి కథగా జయకాంతన్ రాసిన ‘సిల నేరంగళిల్ సిల మనితర్గళ్’ (కొన్ని వేళల్లో కొందరు మనుషులు) నవలను ముందు చదవాలా, ఎ. భీమ్‌సింగ్ దర్శకత్వంలో 1977లో విడుదలైన సినిమాను ముందు చూడాలా? నవల 1972లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకుంది. సినిమా లక్ష్మికి ఉత్తమ నటిగా జాతీయ పురస్కారం తెచ్చిపెట్టింది. రెండూ గొప్పవేనని చెప్పి తప్పించుకోవడం సులువే కానీ, అడిగినవారికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

జవాబు కోసం 1966లో తమిళ వారపత్రిక ‘ఆనంద వికటన్’లో అచ్చయిన జయకాంతన్ కథ ‘అగ్నిప్రవేశం’ దాకా వెళ్లాలి. వానలో బస్సు కోసం నిలబడిన ఒక కాలేజీ అమ్మాయి ముక్కూమొహం తెలియని ధనికుడి కారెక్కి, అతని చేతిలో బలై ఇల్లు చేరుతుంది. గుండె పగిలిన తల్లి కాసేపటికే తేరుకుని, కూతురి తలమీద నీళ్లు గుమ్మరించి, ఈ నీళ్లే నిప్పనుకో, నీకిక ఏ మైలా లేదంటుంది. ఆ తర్వాత, పిల్ల నోట్లో ఇంకా నలుగుతున్న చూయింగ్ గమ్‌ను కసిరి మరీ ఉమ్మేయిస్తుంది. ఆ ఒక్క కసురులో తల్లి మళ్లీ మామూలు తల్లి అయిపోవడం నాకు ఆ కథలో అన్నిటికంటే గొప్పగా తోస్తుంది. కథపై పెద్ద దుమారమే చెలరేగింది. ఆ తల్లికి అంత వివేకం లేకపోయి, నలుగురికీ వినబడేలా గగ్గోలు పెట్టి ఉంటే ఆ పిల్ల బతుకు ఏమయ్యేదన్న ఆలోచన నుంచి నవల పుట్టింది. నవలలో ఆ పిల్లే గంగ. ఆమెను సొంత అన్నే ఇంట్లోంచి వెళ్లగొడతాడు. మేనమామ వెంకు మామ చేరదీసి చదివిస్తాడు. చదువుకుని ఉద్యోగస్థురాలైన గంగ, ఆర్.కె.వి. అనే రచయిత రాసిన కథలో తన గతాన్ని పోల్చుకుని, అతని ద్వారానే ఆనాటి మనిషి ప్రభును వెతికి పట్టుకుంటుంది.

ఏది మేలో తేల్చే విషయం నా దృష్టిలో ఒక్కటే: మనం గంగను ఎక్కడ నిలబడి చూస్తున్నాం? నవలలో ఎక్కువ భాగం ఆమె మనసులోంచే నడుస్తుంది. లోకం ఆమెను ప్రభు ఉంచుకున్న మనిషి అనుకుంటుంది, ఆమె కూడా లోకాన్ని అలాగే అనుకోనిస్తుంది. వారి మధ్య ఉన్నది స్నేహం తప్ప మరేమీ కాదన్న సంగతి మాత్రం మనకు లోపలి నుంచి తెలుస్తూ ఉంటుంది. సినిమాకు ఆ వెసులుబాటు లేదు. కెమెరా ఎంత దయగలదైనా బయటే నిలబడాలి కనుక, కొంతసేపు మనం కూడా ఇరుగుపొరుగుతో కలిసి గంగను చూస్తున్నవాళ్లమవుతాం.

ఈ తేడా వెంకు మామ దగ్గర బాగా తెలుస్తుంది. అతడు ఆమెకు చదువు చెప్పించిన మనిషి, ఆమెపై కన్నువేసిన మనిషి కూడా; నిన్ను చెరిచినవాణ్ని వెతుక్కుని వాడికి ఉంపుడుగత్తెగా ఉండగలవేమో కానీ నీకు పెళ్లన్నది లేదని ఎత్తిపొడిచే లాయరు. అతని పట్ల గంగకున్న కృతజ్ఞత, ఏవగింపు విడదీయలేనంతగా ముడిపడిపోయి ఉంటాయి. ఒక ఆడపిల్ల ఆశ్రయం ఇచ్చిన చేతినుంచే తనను కాపాడుకోవలసి రావడంలోని నరకాన్ని నవల పేజీల తరబడి, ఎక్కడా తొందరపడకుండా చూపిస్తుంది. సినిమాలో వై.జి. పార్థసారథి ఆ పాత్రను చక్కగా చేశారు, కానీ ఆయన చూపు ఆమెపై పడగానే మనకు సంగతి అర్థమైపోతుంది. గంగ ఏళ్ల తరబడి అనుభవించిన సందిగ్ధం మన అనుభవంలోకి రాదు.

సినిమా గెలిచే చోట్లు కూడా ఉన్నాయి. ప్రభు విషయంలో నేను ఆ పాత్ర వేసిన తమిళ నటుడు శ్రీకాంత్ పక్షమే: మనం ద్వేషించడానికి సిద్ధపడి కూర్చున్న మనిషిని ఆయన బలహీనుడిగా, చివరికి జాలిపడవలసినవాడిగా నిలబెట్టారు. తల్లిగా సుందరీబాయి, రచయితగా హాస్యం పక్కనపెట్టిన నగేశ్ మరచిపోలేనివాళ్లు. ‘పాశమలర్’ తీసి ప్రేక్షకుల చేత కన్నీరు పెట్టించిన భీమ్‌సింగ్ (దాని తెలుగు రూపం ‘రక్తసంబంధం’ మనకు తెలిసిందే) ఇక్కడ పాటించిన నిగ్రహం ఆశ్చర్యపరుస్తుంది. స్క్రీన్‌ప్లే, మాటలు జయకాంతన్‌వే కనుక నవల ఆత్మకు ద్రోహం జరగలేదు. తమిళ బ్రాహ్మణ ఇళ్ల యాస అనువాదంలో ఎలాగూ రాదు. తెలుగులో చదివేవారికి అది వినిపించేది సినిమాలోనే. ఇక లక్ష్మి. నెల్లూరు నుంచి వచ్చిన దర్శకుడు వై.వి. రావు కూతురైన ఆమెను ‘ఓ బేబీ’లో మాత్రమే చూసిన తరం ఈ సినిమా తప్పక చూడాలి. గంగ బయటికి చెప్పని మాటలను ఆమె కేవలం ముఖంతో చెప్పగలిగింది. కెమెరా బయట నిలబడవలసి వచ్చిన లోటును పూడ్చగలిగినంత మేరకు పూడ్చింది ఆమే.

అయినా ఒక్కటే ఎంచుకోవాలంటే నేను నవలనే ఎంచుకుంటాను. రెండింటికీ తీరిక ఉన్నవారు నవల చదివి, కొంత కాలం ఆగి సినిమా చూడటం మంచిది. ముందే సినిమా చూస్తే నవల చదువుతున్నంతసేపూ లక్ష్మి ముఖమే ఎదురుగా నిలబడి, మీ ఊహలోని గంగకు చోటు మిగలదు. తర్వాతి భాగం ‘గంగై ఎంగే పోగిరాళ్’ను గంగను విడవలేనివారు చదువుకోవచ్చు, మిగతావారికి అవసరం లేదు. ‘అగ్నిప్రవేశం’ మాత్రం చిన్న కథే కనుక, దేనికైనా ముందు దాన్నే చదవండి.