10 ఎంఎం వైరు కొనబోతున్నారా? ఒక మీటరు కోసి తూకం వేయించండి

కరెంటు మీటరు నుంచి పై అంతస్తు డీబీకి (గదులకు కరెంటు పంచే స్విచ్‌ల పెట్టెకి) మెయిన్ వైరు లాగబోయేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మాది ఖమ్మం. పోయినేడు ఇంటిమీద ఇంకో అంతస్తు వేశాం. రెండు ఏసీలు, గీజరు, ఇండక్షన్ స్టవ్, 1 హెచ్‌పీ మోటరు. అన్నీ ఒకేసారి నడిస్తే 38 ఆంపియర్ల దాకా లాగుతుందని మా ఎలక్ట్రీషియన్ లెక్కేశాడు. "అన్నా, 6 ఎంఎం పెట్టొద్దు, మన ఎండలకు ఆగదు. 10 తీసుకురా" అన్నాడు. వైర్ల విషయంలో ఎంఎం అంటే చదరపు మిల్లీమీటర్లు, లోపలి రాగి అడ్డుకోత వైశాల్యం. అతని సలహాలో తప్పేం లేదు. తెచ్చింది నేను.

పేరున్న కంపెనీ కాయిల్ కంటే మూడు వేలు తక్కువకు ఇంకోటి చూపించాడు కొట్టాయన. "అదే రాగి సార్, అక్కడ పేరుకే డబ్బులు" అన్నాడు. దాని మీద 10 స్క్వేర్ ఎంఎం, 90 మీటర్లు, ఐఎస్ఐ గుర్తు అన్నీ ఉన్నాయి. చేత్తో పట్టుకుంటే లావుగానే ఉంది. బిల్లంటే తెల్లకాగితం మీద పెన్నుతో రాసిన చీటీ ఇచ్చాడు, జేబులో పెట్టుకుని వచ్చేశా.

మే నెలలో చుట్టాలొచ్చారు. ఒక సాయంత్రం గ్యాస్ అయిపోయి ఇండక్షన్ మీద వంట, రెండు గదుల్లో ఏసీలు, చంటిదాని స్నానానికి గీజరు, మోటరు కూడా ఆన్‌లో ఉంది. డీబీ దగ్గర రబ్బరు కాలిన వాసన. కింద మెయిన్ ఆపేసి మూత తీస్తే, ఎమ్‌సీబీలోకి (కరెంటు మోతాదు మించితే దానంతటదే పడిపోయే స్విచ్‌లోకి) వెళ్లే ఎర్ర వైరు రెండంగుళాల మేర గోధుమరంగుకు తిరిగింది. గోటితో నొక్కితే గాటు పడింది. స్క్రూ వదులై ఉంటుందని ఆ చివర కోసి మళ్లీ బిగించారు. వారం తిరక్కుండా అదే వాసన.

అప్పుడు మిగిలిపోయిన ముక్క బయటికి తీశాం. 10 ఎంఎం వైరులో సాధారణంగా 0.4 మిల్లీమీటర్ల పోగులు 80 ఉంటాయి. నేలమీద కూర్చుని లెక్కపెడితే సరిగ్గా 80. బ్లేడుతో గీకితే లోపల కూడా ఎరుపే, అంటే అల్యూమినియం మీద రాగి పూత కాదు. ఇక అనుమానం పోగు లావు మీదే. సరిగ్గా మీటరు ముక్క తొక్క తీసి, రాగి చుట్టచుట్టి, పక్కవీధి బంగారం కొట్లో కాటా మీద పెట్టించా. 61 గ్రాములు. "ఇప్పుడు రాగికి కూడా తరుగు తీస్తున్నారా?" అని నవ్వాడాయన.

రాగి సాంద్రత ఘన సెంటీమీటరుకి 8.96 గ్రాములు. 10 ఎంఎం వైరు మీటరు ముక్కలో పది ఘన సెంటీమీటర్ల రాగి ఉంటుంది. అంటే అది దాదాపు 90 గ్రాములు తూగాలి. 61 అంటే అది 6.8 ఎంఎం వైరు. పోగుల లెక్క సరిపెట్టి లావు 0.33కి తగ్గించారు, పైన పీవీసీ మందం పెంచి చేతికి లావుగా తగిలేలా చేశారు.

6 కంటే ఎక్కువే కదా, ఎందుకు మాడింది అంటారా? అసలు మోసం అక్కడే ఉంది. వైరు మీదున్న 10 చూసి మేం 50 ఆంపియర్ల ఎమ్‌సీబీ పెట్టాం. దాని లెక్కలో 38 ఆంపియర్లు మామూలే, కాబట్టి అది పడదు. ఎండ తగిలే గోడలో, కింది అంతస్తు వైర్లతో కలిసి ఒకే పైపులో ఉన్న ఆ సన్నవైరు మాత్రం ఉడికిపోతూ ఉంటుంది. 6 అని తెలిసే కొని ఉంటే 32 ఎమ్‌సీబీ పెట్టేవాళ్లం, అన్నీ కలిపి వేసినప్పుడు అది పడిపోయి విసిగించేది. అంతకుమించి ఏమీ అయ్యేది కాదు.

కొట్టుకి వెళ్తే "కోసిన వైరు ఎలా వాపస్ తీసుకుంటాం?" అన్నాడు. చీటీ మీద కంపెనీ పేరు లేదు, సైజు లేదు. నోరెత్తడానికి ఏముంది? కాయిల్ మీద ఐఎస్ఐ గుర్తుంది గానీ, దానితో పాటు ఉండాల్సిన సీఎం/ఎల్ నంబరు (కంపెనీకిచ్చిన లైసెన్సు నంబరు) లేదు. ఆ నంబరుంటే, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల 'బీఐఎస్ కేర్' యాప్‌లో కొట్టి లైసెన్సు నిజమో కాదో కొనే ముందే చూసుకోవచ్చు. నేను చూడలేదు. మీరు చూడండి, జీఎస్టీ బిల్లు మీద కంపెనీ, సైజు రాయించండి. పక్కా బిల్లుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు.

మీటరుకి 4 ఎంఎం అయితే 36 గ్రాములు, 6కి 54, 16కి 143 రావాలి. మంచి కంపెనీ వైరు కూడా కొద్దిగా తక్కువ తూగొచ్చు. ఎందుకంటే ప్రమాణం చూసేది బరువుని కాదు, నిరోధాన్ని. 10 ఎంఎంకి 20 డిగ్రీల దగ్గర కిలోమీటరుకి 1.91 ఓమ్‌లు మించకూడదు. తర్వాత నేను కొన్న అసలు 10 ఎంఎం వైరు 84 తూగింది. పదో వంతు కంటే ఎక్కువ తగ్గితే మాత్రం ఆ కాయిల్ గోడలోకి పోనివ్వకండి.

ఇప్పటికే వైరు లాగేసి, డౌటుగా ఉన్నవాళ్లు మిగిలిన ముక్క వెతికి తూయించండి. తక్కువొస్తే వైరు మార్చేదాకా కనీసం ఎమ్‌సీబీ తగ్గించి పెట్టించండి. అది ఎలక్ట్రీషియన్‌కి పావుగంట పని.