జపాన్ తెల్ల పొడి, మన తెల్లబరిచే క్రీము
జపాన్ కులీనులు ముఖానికి పూసుకున్న ఒషిరోయి అనే తెల్ల పొడినీ, 1975లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీమునూ పోల్చి చూస్తే, రెండింటి వెనుకా ఉన్నది ఎండలో ఒళ్లు వంచి పనిచేయనక్కర్లేని వారి హోదాయే. 692లో ఒక బౌద్ధ భిక్షువు సీసంతో చేసిన తెల్ల పొడికి జితో సామ్రాజ్ఞి బహుమానమిచ్చినట్టు జపాన్ ప్రాచీన చరిత్ర గ్రంథంలో ఉంది. హెయాన్ కాలపు (794–1185) కులీన స్త్రీలు ముఖమంతా దట్టంగా తెల్ల పొడి పూసి, కనుబొమలు తీసేసి, వాటిని నుదుటి మీద మళ్లీ దిద్దుకునేవారు. అది పూత అని చూసేవారందరికీ తెలుసు, కడిగితే పోయేది; సీసం విషం మాత్రం ఒంట్లో మిగిలేది.

క్రీము అలా కాదు, అసలు చర్మమే మారుతుందని ఆశపెట్టింది. ప్రకటనల్లో ఛాయ తేలిన అమ్మాయికే ఉద్యోగమూ పెళ్లి సంబంధమూ కుదిరేవి. ఇక్కడ రంగును కులంతోనూ ముడిపెట్టి చూసే అలవాటు ఉంది. తెలుగు పెళ్లి ప్రకటనల్లోనూ కులం, ఎత్తు, చదువుతో పాటు ఛాయను రాయించేవారు. ఒంటికి సీసం చేసిన కీడు చాలా పెద్దదే అయినా, చామనఛాయ పిల్లలకు తమ ముఖంలోనే లోపముందని నమ్మించినందుకు నేను క్రీమునే ఎక్కువ తప్పుపడతాను. జపాన్‌లో సీసపు పొడి తయారీని 1934లో నిషేధించారు; ఇక్కడ 2020లో క్రీము పేరును గ్లో అండ్ లవ్లీగా మార్చి అమ్మకం కొనసాగించారు.