పాత ఎస్‌యూవీ వెనక గ్లాసు: కోరాపుట్ ఎర్రదుమ్ములో ఏది పనికొచ్చింది, ఏది దండగ

ముందే చెప్పేస్తున్నా, వెనక గ్లాసు మీద పూసే ఆ నీళ్లు నిలవని కోటింగులకి డబ్బులు తగలేయకండి, అదే డబ్బు డిక్కీ డోరు చుట్టూ ఉండే రబ్బరు బీడింగుకి పెట్టండి. కోరాపుట్‌లో ఏళ్ల తరబడి పాత డీజిల్ ఎస్‌యూవీ తిప్పాక నాకు తేలింది ఇది. బండి ఇంకా ఓఆర్ 10 నంబరుదే, అంటే 2012లో ఒడిశాకి ఓడీ నంబర్లు రాకముందుది. కంపెనీ పేరు ఎందుకులెండి, వెనక భాగం నిటారుగా కోసేసినట్టుండే ఏ బండికైనా ఇదే గోల.

సెడాన్‌లో వెనక గ్లాసు వాలుగా ఉంటుంది కాబట్టి గాలి దాని మీదుగా పారుతూ నీటిని, దుమ్మును చాలావరకు లాక్కుపోతుంది, అందుకే వాటిలో చాలావాటికి వెనక వైపర్ పెట్టరు. మన డబ్బా బళ్ల వెనక గాలి ఒక్కసారిగా తెగిపోతుంది, అక్కడ ఒత్తిడి తగ్గుతుంది, టైర్లు లేపిన దుమ్మంతా సుడి తిరిగి వచ్చి గ్లాసు మీదే కూర్చుంటుంది. కోటింగు దండగ అన్నదీ ఇందుకే. ముందు గ్లాసు మీద స్పీడులో గాలి బొట్లను ఊదేస్తుంది, వెనక ఊదే గాలేదీ? బొట్లు గుండ్రంగా అక్కడే నిలబడతాయి, వెనకాల లారీ వస్తే బొట్టుబొట్టుకీ ఒక హెడ్‌లైటు వెలుగుతుంది. రాత్రిపూట పూయకముందే నయం.

మా వైపు దుమ్ము సంగతి తెలిసినవాళ్లకి తెలుసు. దమన్‌జోడి దగ్గర బాక్సైట్ నేల, సిమిలిగుడ నుంచి పొట్టంగి దాటి సుంకి ఘాట్ దిగి సాలూరు చేరేదాకా ఎన్‌హెచ్ 26 పక్కన ఎర్రమట్టే. ఎండాకాలం పొడిగా పేరుకుంటుంది, తొలకరి పడ్డాక అదే గోరింటాకు ముద్దలా అంటుకుంటుంది. ఆ పొడి మీద వైపర్ వేస్తే గ్లాసు మీద చంద్రవంక గీత పడుతుంది, అది ఇక జన్మలో పోదు. ముందు నీళ్లు, తర్వాతే వైపర్.

నీళ్లు రావడమే అసలు సమస్య. చాలా బళ్లలో వెనక గ్లాసుకీ నీళ్లు బానెట్‌లోని ట్యాంకు నుంచే వస్తాయి, సన్న పైపు బండి పొడవునా వచ్చి డిక్కీ డోరు కీలు దగ్గర రబ్బరు తొడుగులోంచి డోరులోకి దూరుతుంది. డోరు ఎత్తి దించిన ప్రతిసారీ అక్కడే మడత పడుతుంది. వెనక సీటు పైన రూఫ్ లైనింగ్ తడిగా ఉంటే వాన కారుతోందనుకుని సీలెంటు పూయించుకునేవాళ్లని చూశాను, ముందు ఆ తొడుగు లాగి చూడండి. నా బండిలో తొడుగు వెనక్కి జరిపితే పైపు పసుపు తిరిగి గట్టిపడి నిలువునా చీలి ఉంది, దాని పక్కనే వైపర్ వైరు పైతొడుగు తెగి రెండు రాగి పోగుల మీద వేలాడుతోంది. జయపురంలో ఒక షాపువాడు మోటారే పోయింది, మొత్తం మార్చాలన్నాడు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? వైరు అతికించి, చేపల తొట్టికి వాడే గాలి పైపు ముక్క వేస్తే ఇప్పటికీ నడుస్తోంది. నాజిల్ మాత్రం ఎర్రమట్టికి మూసుకుపోతూనే ఉంటుంది, గుండుసూది గ్లవ్ బాక్సులోనే పెట్టుకున్నా.

ఇక లోపలి మంచు. కోరాపుట్ 800 మీటర్లకి పైన ఉంది, డిసెంబర్, జనవరిల్లో తెల్లవారుజామున బయల్దేరితే లోపల మనుషుల ఊపిరికే గ్లాసు తెల్లబడిపోతుంది. ఘాట్ దిగి సాలూరు ఉక్కలోకి వెళ్తే తిరగబడుతుంది, చల్లబడ్డ గ్లాసుకి బయటి వైపు పడుతుంది, అప్పుడు డీఫాగర్ (గ్లాసు మీది సన్న గీతల్ని వేడెక్కించి మంచు పోగొట్టేది) కంటే వైపరే త్వరగా తీస్తుంది. వేలితో లోపల ఒక గీత గీస్తే ఎటువైపు ఉందో తెలిసిపోతుంది. లోపల అయితే ఏసీ వేసి, బయటి గాలి వచ్చేలా పెట్టాలి. చలిలో ఏసీ ఏంటి అంటారు ఇంట్లోవాళ్లు, కానీ తేమ లాగేది అదే, వేడి కావాలంటే హీటరు కూడా కలిపి పెట్టుకోవచ్చు.

డీఫాగర్ గీతలది వేరే కథ. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములు తీసేయమన్నప్పుడు చాలామందికి జరిగిందే నాకూ జరిగింది, షాపు కుర్రాడు ఫిల్మును చర్రున లాగితే దాంతోపాటు గీతలు కూడా లేచి వచ్చాయి. గ్లాసు మొత్తం మార్చాలన్నారు. సాలూరులో ఒక పెద్దాయన, ఆటో ఎలక్ట్రీషియన్, "అక్కర్లేదు బాబూ" అని ఇంజిన్ ఆన్ చేయించి, మల్టీమీటర్ ఒక పిన్ను బాడీకి పెట్టి, రెండో పిన్ను కొసకి గీత గీరుకోకుండా సిల్వర్ ఫాయిల్ చుట్టి, గీత వెంట జరుపుకుంటూ పోయాడు. బాగున్న గీతలో 12 వోల్టుల నుంచి మెల్లగా తగ్గుతూ మధ్యలో ఆరు చూపిస్తుంది, తెగినచోట టక్కున సున్నా. అక్కడ స్పిరిట్‌తో తుడిచి, పైన కింద టేపు వేసి, వెండి కలిసిన కండక్టివ్ పెయింట్ రెండు పూతలు వేసి, మర్నాటిదాకా స్విచ్ ముట్టుకోవద్దన్నాడు. పనిచేసింది. డీఫాగర్ పది ఇరవై ఆంపియర్ల కరెంటు తాగుతుంది కాబట్టి ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు దాన్ని వేయకండి, పాత బ్యాటరీ అయితే మరీను.

బీడింగు గురించి ఇంకాస్త. రబ్బరు గట్టిపడితే ఆ సందులోంచి దుమ్మూ డీజిల్ పొగా లోపలికి వస్తాయి, గ్లాసుకి జిడ్డు పొర పడుతుంది, మంచు దాన్ని పట్టుకుని వదలదు. డోరు మధ్యలో కాగితం పెట్టి మూసి లాగండి, సులువుగా వచ్చేస్తే రబ్బరు పని అయిపోయినట్టే. మార్చాక లోపల తుడిచే పని సగానికి సగం తగ్గింది. తుడిచేటప్పుడు మెత్తటి గుడ్డతో గీతల వెంట అడ్డంగానే తుడవండి, బ్లేడు మాత్రం దగ్గరికి రానివ్వొద్దు.

రూఫ్ చివర పెట్టే గాలి రెక్క మా బావమరిది వేయించాడు. పొడిదుమ్ము కొంచెం తగ్గిన మాట నిజమే, వానలో పెద్ద తేడా లేదు, చివరికి పొట్టంగి లోపలి దారిలో చెట్టుకొమ్మ తగిలి విరిగింది.

నా గ్లాసులో పైనుంచి రెండో గీత ఇప్పటికీ పనిచేయదు. మిగతావి వేడెక్కుతున్నాయి, మిర్రర్‌లో వెనక బండి నంబరు కనిపిస్తోంది, ఈ వయసు బండికి ఇంతకంటే ఖర్చు పెట్టను.